తాళంచెవి పళ్లెంలో పెట్టిన రోజు

నాకు రాయడం అలవాటు లేదు. చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నదంతా హాజరు పుస్తకంలో సంతకం పెట్టడానికే. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

రాయమన్నది మా కాలేజీలో చదివిన అమ్మాయి. ఇప్పుడు కొత్తగూడెం వైపు ఒక బడిలో సైన్సు టీచరు. ఆమె ఒకరోజు ఇంటికి వచ్చి, "అక్కా, మా బడి పిల్లలు రాకెట్ క్లబ్ పెడ్తమంటున్నరు. జాగ్రత్తలు నేను చెప్తే పాఠం లెక్క వింటరు, బయటికి పోంగనే మర్చిపోతరు. నువ్వు చూసింది రాసియ్యి" అంది.

"నాకేం వస్తది రాయనీకి?"

"మాట్లాడినట్టే రాయి. గంతే."

మాట్లాడడం వేరు, రాయడం వేరు అని పెన్ను పట్టుకున్నాక తెలిసింది. చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మాత్రం చింపకుండా రాస్తున్నాను.

పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో నేను అటెండరుగా పనిచేసి రిటైర్ అయ్యాను. నాది మెకానికల్ వర్క్‌షాపు. పొద్దున్నే తలుపులు తీయాలి, మెషీన్ల కింద ఇనుప రజను ఊడవాలి, పిల్లలకు అప్రాన్లు ఇచ్చి మళ్లీ తీసుకోవాలి. మా ఆయన సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు మీద జామాయిల్ కర్ర దించేవాడు. ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్లం. నేను దారిలో దిగితే ఆయన చివరిదాకా పోయేవాడు.

వర్క్‌షాపులో నాతోపాటు ఇంకో మనిషి ఉండేవాడు, ఇన్‌స్ట్రక్టర్. పిల్లలకు సారు. నలుగురిలో నేనూ సార్ అనేదాన్ని, ఎవరూ లేనప్పుడు అన్నా అనేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు. వేరే రాష్ట్రంలో ఏవో ఫ్యాక్టరీల్లో చాలా కాలం ఫిట్టరుగా చేసి, పిల్లల చదువుల కోసం పాల్వంచ వచ్చి స్థిరపడ్డాడు. మనిషి సన్నగా ఉండేవాడు. ఎప్పుడూ తెల్లంగి వేసేవాడు. వర్క్‌షాపులో తెల్లంగి ఏందన్నా అంటే, "మరక ఎక్కడ పడ్డదో జల్దీ ఎర్కయితది" అనేవాడు.

రాకెట్ క్లబ్ పెట్టింది ఆయనే. రాకెట్లంటే పెద్దవి అనుకోకండి. అట్టతో గొట్టం, పైన ప్లాస్టిక్ ముక్కు, కింద పల్చటి చెక్క రెక్కలు. అడుగున వేలెడు మోటారు, అంటే మందు కూరిన గొట్టం. అది తయారుగానే డబ్బాలో వస్తుంది. మోటారులోకి సన్న తీగ దూరుస్తారు. తీగ కొసలకు క్లిప్పులు పెడతారు. అక్కడి నుంచి పొడుగాటి వైరు దూరంగా బల్ల మీదున్న పెట్టె దాకా పోతుంది. పెట్టెకు ఒక తాళంచెవి, ఒక బటన్ ఉంటాయి. తాళంచెవి పెట్టి తిప్పితే ఎర్ర బల్బు వెలుగుతుంది. అప్పుడు బటన్ నొక్కితే తీగ వేడెక్కి మందు అంటుకుంటుంది, నేలలో పాతిన ఇనుప కడ్డీ వెంబడి రాకెట్ సర్రున లేస్తుంది. పైన చిన్న గొడుగు విప్పుకుని కిందికి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కూడా పిల్లల్లాగే చప్పట్లు కొట్టాను.

ఎగరేసేది కాలేజీ వెనక, జామాయిల్ తోట నరికిన ఖాళీ జాగాలో. ఆ జాగా దాటితే అడవే. ఆకు ఎండే రోజుల్లో ఎగరేయొద్దని అడవి శాఖ బీట్ ఆఫీసరు ముందే చెప్పాడు. నా పని ఏందంటే కడ్డీ చుట్టూ గడ్డి చెక్కించాలి, తడిపిన గోనె సంచులు నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టాలి, తాడు కట్టిన చోట నిలబడి ఎవరూ లోపలికి రాకుండా చూడాలి. గూడెం నుంచి మేకలు తోలుకొచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లను ఆపడం తేలికే, మేకలతోనే కష్టం.

ఇప్పుడు తాళంచెవి సంగతి చెప్పాలి.

అది ఒక్కటే ఉండేది. రెండోది ఉంటే సారు తానే విరిచి పారేశాడు. దానికి నల్లదారం కట్టి మెడలో వేసుకునేవాడు. కడ్డీ దగ్గరికి పోయే మనిషి మెడలోనే తాళం ఉండాలి, ఆ మనిషి తిరిగి వచ్చాకే పెట్టెకు పెట్టాలి. ఇది ఆయన పద్ధతి. ఫ్యాక్టరీలో మెషీను లోపలికి దూరే మనిషి తాళం తన జేబులో వేసుకునే దూరతాడట, బయట ఎవరూ పొరపాటున ఆన్ చేయకుండా. అదే ఇక్కడికి తెచ్చాడు.

బల్ల దగ్గర కూర్చునేది క్లబ్ లీడర్ పిల్ల. ఇప్పుడు టీచరైందని చెప్పానే, ఆ అమ్మాయే. గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేది. గొంతు గట్టిది. సారు కడ్డీ వైపు నడుస్తుంటే, "తాళం ఏడున్నది?" అని అరిచేది. "నా మెడల" అని ఆయన చెయ్యెత్తి చూపించేవాడు. ప్రతిసారీ ఇదే. వాన జల్లు పడుతున్నా, ఆకలవుతున్నా సరే.

పిల్లలు ఊరుకుంటారా? "సార్ పుస్తెలు చూపిస్తుండు రోయ్" అనేవాళ్లు.

"అవ్ రా. మీ అమ్మ పుస్తెలు తీసి పక్కింటోళ్లకు ఇస్తదా? నేను గంతే" అనేవాడు.

ఇంకొకడు అన్నాడు, "సార్, దీపావళికి చేతిల పట్టుకోని ఇడిసినం రాకెట్లు. గిదెంత?"

"గట్ల ఇడిసినోళ్లు అందరు మంచిగ ఉన్నరా? పండుగ తెల్లారి దవాఖానాల పోయి చూడు. నీ దోస్తులు ఎవలన్న కనపడ్తరు."

కొన్నిసార్లు బటన్ నొక్కినా రాకెట్ లేచేది కాదు. అప్పుడు చెయ్యాల్సింది ముందు తాళం తీసి మెడలో వేసుకోవడం, తర్వాత ఊరికే కూర్చోవడం. లోపల నిప్పు మెల్లగా రగులుతుందేమో తెలియదు కదా. కుర్ర పిల్లలు ఊరికే కూర్చోలేరు. అందుకని సారు ఒక ఉపాయం చేశాడు. "రాకెట్ అలిగింది. చెల్లె, టీ పొయ్యి" అనేవాడు. నేను ఫ్లాస్కు తీసి అందరికీ కప్పుల్లో పోసేదాన్ని. చివరి మనిషి తాగేదాకా ఎవరూ లేవకూడదు. ఆ చివరి మనిషి ఎప్పుడూ సారే. చల్లారిపోయిన టీని ఇంకా ఊదుకుంటూ తాగుతుండేవాడు. పిల్లలు లోపల్లోపల తిట్టుకునేవాళ్లు. నిజం చెప్తున్నా, నాకు కూడా ఇదంతా అతిగానే అనిపించేది.

మా క్లబ్‌లో ఎవరికీ గీత కూడా పడలేదు. దాంతోనే వచ్చింది చిక్కు. ఏమీ జరగకపోతే జాగ్రత్తల వల్ల జరగలేదని ఎవరూ అనుకోరు. అసలు జరిగేదే లేదు, ఈయన ఊరికే హడావుడి చేస్తున్నాడు అనుకుంటారు. కాలేజీలో అందరూ అట్లనే అనుకున్నారు.

ఆ ఏడాది కాలేజీ వార్షికోత్సవానికి ఒక పెద్ద నాయకుణ్ణి పిలిచారు. మా దగ్గర ఆఫీసు పనులన్నీ చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు ఒకాయన ఉండేవాడు, ఏ.ఓ. అనేది మా నోట్లో ఏవో సారు అయింది. ఆయన వర్క్‌షాపుకి వచ్చాడు. నేను గ్లాసుల్లో నీళ్లు ఇస్తున్నాను.

"ఈసారి రిబ్బన్ లేదు, దీపం లేదు. అతిథి రాకెట్ ఎగరేసి ఉత్సవం మొదలుపెడ్తడు. పేపర్ల మంచిగ వస్తది" అన్నాడు ఏవో సారు.

"మంచిదే సార్. బటన్ ఆయననే నొక్కమనండ్రి. తాళం నేను పెడ్త" అన్నాడు మా సారు.

"నువ్వెందుకయ్యా నడుమ? తాళం ఆయన పెట్టాలె, ఆయన నొక్కాలె. పళ్లెంల పూలు పోసి, మీద తాళం పెట్టి ఇద్దాం. కత్తెర ఇయ్యమా? గట్లనే."

"గది కత్తెర కాదు సార్."

"కాదని నాకు ఎర్కే. రెండు నిమిషాల పనికి ఇంత పంచాయితీ ఏంది? నువ్వు అన్నీ సర్ది రా, వచ్చినంక పళ్లెంల పెట్టు. మధ్యల ఏమన్న అయితదా?"

సారు కొంచెంసేపు ఆలోచించాడు. తాను కడ్డీ దగ్గరి నుంచి తిరిగి వచ్చాకే, తన చేత్తోనే పళ్లెంలో పెడతానన్నాడు. ఏవో సారు ఒప్పుకున్నాడు. నిజానికి అట్లా చేస్తే ప్రమాదం లేదు కూడా. రాకెట్ మొదటిసారికే లేస్తే.

ఉత్సవం నాటి పొద్దున ఇత్తడి పళ్లెం నేనే తోమాను. సారు చూసి, "మా ఇంటామె కూడ గింత తళతళ తోమది చెల్లె" అన్నాడు. "పోయి వదినకు చెప్పాల్నా?" అన్నాను. "వద్దు తల్లీ, అన్నం పెట్టది" అన్నాడు. ఆయన నవ్వుతుండగా నేను చూసిన ఆఖరిసారి అది.

అతిథి చాలా ఆలస్యంగా వచ్చాడు. పిల్లలు ఎండలో కూర్చుని కూర్చుని వాడిపోయారు. కార్లు దిగేసరికి డప్పులు మొదలయ్యాయి, మైకులో పాట పెట్టారు. వచ్చీ రాగానే, భద్రాచలంలో ఇంకో మీటింగు ఉంది, జల్దీ కానియ్యండి అని ఆయన వెంట వచ్చినవాళ్లు తొందర మొదలుపెట్టారు.

బల్ల చుట్టూ జనం చేరారు. లీడర్ పిల్ల తన కుర్చీలో కూర్చోబోతే ఏవో సారు, "అమ్మా, నువ్వు ఈ బొకే పట్టుకోని పక్కకు నిలబడు. కుర్చీ పెద్దాయనకు" అన్నాడు. ఆ పిల్ల పూలు పట్టుకుని పక్కకు జరిగింది. నేను నా జాగాలో, తాడు దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి కడ్డీ ఒక పక్క, బల్ల ఒక పక్క, రెండూ కనిపిస్తాయి. గూడెం వాళ్లు, మేకలు కాసేవాళ్లు చాలామంది చూడ్డానికి వచ్చారు. వాళ్లను తాడు వెనక ఉంచడమే నాకు సరిపోతోంది.

ఆ రోజు రాకెట్ రోజూ ఎగరేసేది కాదు. అతిథి కోసమని మనిషి నడుమెత్తు పెద్దది చేశారు. మోటారు కూడా పెద్దదే. సారు వైర్లు కలిపి తిరిగి వచ్చాడు. మెడలోంచి తాళంచెవి తీసి పళ్లెంలో పూల మీద పెట్టాడు. అతిథి దాన్ని తీసి పెట్టెకు పెట్టాడు. బల్బు వెలిగింది. అందరూ లెక్కపెట్టారు. నొక్కాడు.

లేవలేదు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అతిథి నవ్వుతూనే, "ఏందయ్యా, మీ రాకెట్ కూడ నా పార్టీల చేరదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా పెద్దగా నవ్వారు. ఏవో సారు మొహం మాత్రం నల్లబడింది.

మా సారు ముందుకు వచ్చి, "తాళం తియ్యండ్రి సార్. కొద్దిగసేపు ఆగాలె" అన్నాడు.

"ఆగేదేంది? పెద్దాయన పోవాలె. పోయి చూడు" అన్నాడు ఏవో సారు.

"ఆగాలె సార్. రగులుతుంటది..."

"అయ్యా, నీకు దండం పెడ్త. మా పరువు తియ్యకు. పో."

అతిథి తాళంచెవి తీసి పళ్లెంలో పడేశాడు. నా ఫ్లాస్కు నా దగ్గర లేదు. అతిథుల కోసమని పొద్దున్నే గెస్టు రూముకి పట్టుకుపోయారు. ఉన్నా ఆ రోజు టీ పొయ్యమని ఎవరు అడుగుతారు?

అప్పుడు జరిగింది నేను నా కళ్లతో చూశాను. సారు పళ్లెం వైపు చెయ్యి చాపాడు, తాళంచెవి తీసుకుందామని. ఏవో సారు పళ్లెం కొంచెం పక్కకు జరిపి, "ఉండనీ, తీసినం గదా. మళ్ల పూలు సర్దుడు, పెట్టుడు ఎందుకు" అన్నాడు. పక్కనున్న లీడర్ పిల్ల, "సార్, తాళం..." అంది. ఏవో సారు ఆమె వైపు చూసిన చూపుకు నోరు మూసుకుంది. మా సారు చెయ్యి గాల్లో కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది.

ఆయన తిరిగి కడ్డీ వైపు నడిచాడు. తాళం ఏడున్నదని ఎవరూ అరవలేదు.

కడ్డీ దగ్గర ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక క్లిప్పు ఊడిపోయి ఉంది. అంత చిన్న సంగతి. క్లిప్పు పట్టుకుని, తల బాగా వంచి, మోటారు కింద తీగ కొసకు పెడుతున్నాడు.

ఇక్కడ బల్ల దగ్గర ఫోటో తీసే అతను ఉన్నాడు. ఊళ్లో చిన్న స్టూడియో అతనిది. చెడ్డవాడు కాదు, చర్చిలో మా పిల్లల పెళ్లిళ్లకు కూడా తీశాడు. రిబ్బన్ కత్తిరించినప్పుడు ఫోటో సరిగ్గా రాకపోతే ఏం చేస్తారో మీకు తెలుసు. తెగిన రిబ్బన్ ముక్కనే మళ్లీ పట్టుకోమని, మళ్లీ కత్తెర పెట్టమని అడుగుతారు. అతనూ అదే చేశాడు.

"సార్, ఇందాకటి ఫోటోల ఎవలదో చెయ్యి అడ్డమొచ్చింది. ఒక్కసారి తాళం పెట్టినట్టు... అవ్, గట్ల. బటన్ మీద వేలు. ఇటు చూడండ్రి సార్. నవ్వాలె."

అతిథి తాళంచెవి పెట్టి తిప్పాడు. మెడ నిటారుగా పెట్టి కెమెరా వైపు నవ్వాడు.

నేను అరిచాను. లీడర్ పిల్ల బొకే పారేసి బల్ల మీదికి దూకింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆ పిల్ల చెయ్యి తాళం మీద పడేలోపే అతిథి వేలు బటన్ నొక్కింది.

రాకెట్ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. అది నిజం. వాళ్లు పైకే చూస్తున్నారు మరి.

మంట కిందికి వచ్చి, కడ్డీ కింద పెట్టే రేకుకు తగిలి, పక్కలకు చిమ్ముతుంది. రేకు పక్కనే ఆయన మొహం ఉంది. నేను పోయేసరికి చేతులు మొహం మీద పెట్టుకుని పక్కకు ఒరిగి ఉన్నాడు. తెల్లంగి ముందు భాగమంతా నల్లగా అయింది. గడ్డి అంటుకుంది. కొందరు పిల్లలు తడి సంచులతో దాన్ని కొట్టి ఆర్పారు. నేను నీళ్లు పోశాను. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా పోశాను. ఆయన అరవలేదు. నేను ఒక్కదాన్నే అరుస్తున్నాను.

కార్లన్నీ వెళ్లిపోయాయి. అతిథిని వెంటనే అక్కడి నుంచి తప్పించారు. ఒక్క కారు ఆగి ఉంటే బాగుండేది. కాలేజీ బస్సులో సీట్ల మధ్య పడుకోబెట్టి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. ఆయన తల నా ఒడిలో. లీడర్ పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది.

గోదావరి వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు ఆయన మాట్లాడాడు. "పిల్లలు ఎవలన్న దగ్గర్ల ఉన్నరా?"

"లేరన్నా. ఎవలకేం కాలే."

"పెట్టె దగ్గర ఎవలున్నరు?"

లీడర్ పిల్ల చెప్పింది, ఏడుస్తూ. ఫోటో కోసం అని కూడా చెప్పింది.

ఆయన తల కొంచెం కిటికీ వైపు తిప్పాడు. తర్వాత, "చెల్లె, ఇంకా పొద్దున్నదా? చీకటయిందా?" అని అడిగాడు.

ఎండ కిటికీలోంచి ఆయన మొహం మీదే పడుతోంది. "మబ్బు పట్టిందన్నా" అన్నాను. అబద్ధం చెప్పొద్దని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే. ఆ ఒక్క అబద్ధం చెప్పినందుకు దేవుడు నన్ను ఏమీ అనడనుకుంటా.

భద్రాచలం నుంచి ఖమ్మం పంపారు, ఖమ్మం నుంచి హైదరాబాదు. కుడి కన్ను తీసేశారు. ఎడమ కన్నుకు ఆశ ఉందన్నారు. వదిన దవాఖానాలోనే ఉండిపోయింది. మేమంతా ఆ ఎడమ కన్ను కోసం ప్రార్థన చేశాం. మా చర్చిలో చేశారు, వదిన ముత్యాలమ్మకు మొక్కుకుంది, హాస్టల్ పిల్లలు ఒక పూట అన్నం మానేశారు. క్లబ్ సంగతి, కాలేజీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. అందరం ఒకటే అడిగేవాళ్లం, కట్టు ఎప్పుడు విప్పుతారు అని.

ఈలోపు కాలేజీలో విచారణ పెట్టారు. నన్నూ పిలిచారు. గదిలోకి పోకముందు ఏవో సారు వరండాలో ఆపాడు.

"నీకు రిటైర్మెంటు దగ్గరపడ్డది. ఏం చూసినవో మంచిగ గుర్తు తెచ్చుకో."

"గుర్తుంది సార్."

"రాకెట్ లేవకపోతే ఆగాలె అన్నది క్లబ్ రూలే గదా? ఆయన ఆగిండా?"

"ఆగలే సార్. మీరు పొమ్మన్నరు."

"పొమ్మంటే పోతడా? చిన్న పిల్లగాడా?"

లోపల నేను చూసిందంతా చెప్పాను. సారు చెయ్యి చాపింది, ఏవో సారు పళ్లెం జరిపింది, ఫోటో అతను అడిగింది, అన్నీ. విచారణ చేసేవాళ్లలో ఒకాయన తలూపుతూ విన్నాడు. లీడర్ పిల్ల కూడా ఇదే చెప్పింది. చివరికి బయటికి వచ్చిన మాట ఒకటే. ఇన్‌స్ట్రక్టర్ తాను పెట్టిన రూలు తానే తప్పి, ఆగకుండా రాకెట్ దగ్గరికి పోయాడు. అంతే. మిగతాది ఎక్కడా లేదు. అందులో అబద్ధం లేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఆయన ఆగలేదు, నిజమే.

హైదరాబాదులో ఆయన మంచం పక్కన కూర్చుని ఈ మాట చెప్పాను. కోపమొస్తుందనుకున్నాను.

"అవ్ గదా. నేను పోయిన. నన్నెవలన్న గుంజుకపోయిండ్రా?" అన్నాడు.

"ఏందన్నా గట్లంటవ్? వాళ్లు తరిమితేనే గదా పోయినవ్."

"తరిమిండ్రు. నేను పోయిన. రెండూ చెప్పాలె చెల్లె. వాళ్లది ఒక్కటే చెప్తే పిల్లలు పెద్దోళ్లను తిట్టుకుంట పోతరు. నాది ఒక్కటే చెప్తే ముసలోడు తప్పు చేసిండు, మనం చెయ్యం అనుకుంటరు. చెయ్యి ఎనుకకు తీసుకున్న జూసినవా? గది చెప్పు. ఇంతమంది ముందల తాళం అడగనీకి సిగ్గయింది నాకు. గంతే. సిగ్గయింది."

ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి పిల్లలూ. మందు గురించి, వైర్ల గురించి మీ సార్లు చెప్తారు. సిగ్గు గురించి ఎవరూ చెప్పరు. అతిథి ముందు, ఫోటోల ముందు, మైకు ముందు నోరు రాదు. అన్నీ తెలిసినవాడికే రాలేదు.

కట్టు విప్పిన రోజు నేను లేను. వదిన ఫోన్ చేసింది. "కిటికీ ఎటున్నదో తెలుస్తున్నదట" అంది. డాక్టర్లు ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు. చూశారు. ఇప్పటికీ అంతే. వెలుగు, చీకటి తెలుస్తాయి. మనిషి తెలియడు.

కొన్ని నెలల తర్వాత ఫోటో స్టూడియో అతను మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. "అక్కా, నేను అడగకుంటె గిదంత కాకపోవు గదా" అన్నాడు. కూర్చోమన్నాను, నీళ్లిచ్చాను. పోయేముందు ఆ రోజు ఫోటో ఒకటి ఫోన్‌లోకి పంపించాడు. పేపర్లో వచ్చింది అదే. పేపర్లో అతిథి ఒక్కడే ఉన్నాడు, తాళం మీద చెయ్యి పెట్టి నవ్వుతూ. పక్కలు కత్తిరించి వేశారు. అతను పంపింది కత్తిరించనిది.

కాలేజీలో క్లబ్ మళ్లీ మొదలు కాలేదు. కడ్డీ, రేకు తుక్కుకు పోయాయి. నేనూ రిటైర్ అయ్యాను.

మొన్న టీచరమ్మ, అదే మా లీడర్ పిల్ల, నేను కలిసి పాల్వంచలో సారు ఇంటికి పోయాం. బడిలో క్లబ్ పెట్టే ముందు ఆయనను అడగాలని ఆమెకు ఉంది. ఆయన వరండాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. వదిన బత్తాయిలు ఒలిచి ఒక్కో తొన చేతికిస్తోంది.

"సార్, పిల్లలు మస్తు అడుగుతున్నరు. పెట్టమంటరా, వద్దంటరా? మీరు వద్దంటే పెట్ట" అంది ఆమె.

ఆయన తొన తిన్నాడు, గింజ ఉమ్మాడు. వదిన మాత్రం, "వద్దు బిడ్డా. ఇంకొకామె నా లెక్క కూసోవాల్నా?" అంది.

"నువ్వాగు" అన్నాడాయన మెల్లగా. "పెట్టకుంటె వాళ్లు పెట్టుకోరా? ఏ తోటలనో దొంగతనంగ ఇడుస్తరు. పెట్టు. కాని ముందుగాల రాకెట్ చూపెట్టకు. గా ఫోటో చూపెట్టు. చెల్లె ఫోన్ల ఉన్నదట గదా."

ఆ ఫోటో సంగతి ఆయనకు నేను చెప్పలేదు. వదినతో అన్నాను, ఆమె చెప్పి ఉంటుంది.

"సార్, చిన్న పిల్లలు. భయపడ్తరు" అంది టీచరమ్మ.

"అందుల నెత్తురు ఉన్నదా?"

"లేదు సార్."

"మంట ఉన్నదా?"

"లేదు."

"మరి ఏమున్నది? చూసి చెప్పు."

నేను ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేళ్లతో పెద్దది చేసి చూసింది. గొంతు సరిచేసుకుని, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పింది.

"ముందల పెద్దాయన ఉన్నడు. నవ్వుతుండు. ఒక చెయ్యి తాళం మీద, ఇంకో చేతి వేలు బటన్ మీద ఉన్నది. పక్కకు పళ్లెం. నేను సగం కనపడుతున్న, నోరు తెరిచి ఉన్న. ఎనుక, దూరంగ, మీరున్నరు సార్. తెల్లంగి. మోకాళ్ల మీద కూసోని తల వంచిండ్రు. రాకెట్ ఇంకా లేవలే."

"నా మొకం కనపడుతున్నదా?"

"కొంచెం. పక్క నుంచి. క్లిప్పు దిక్కు చూస్తున్నరు."

ఆయన ఆమె గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు.

"చూస్తున్ననా?" అన్నాడు. "అంటే అందుల నాకు ఇంకా కండ్లున్నయి."